దింపుడు పలక

మా నేతగాళ్ల ఇళ్ల వరసను ఫొటో తీసుకోడానికి ఎండాకాలమంతా జనం వస్తూనే ఉంటారు. వాగు దాటి గొర్రెల గేటు దగ్గర నిలబడి, నాలుగిళ్లూ ఒకే ఫొటోలో పట్టేదాకా వెనక్కి వెనక్కి నడిచి, ఒక్కోసారి వాగులో పడతారు కూడా. తేనెరంగు రాయట, ముచ్చటైన కిటికీలట, రాతిపలకల కప్పు మధ్యలో ఎంత అందంగా కుంగిందోనట. ఆ కుంగిన చోట కింద బకెట్లు పెట్టుకునేది మేము కాబట్టి ఆ అందం మాకంతగా కనిపించదు.

వాళ్లెవరూ లోపలి మెట్లు చూడలేదు. ఈ వరస కట్టించిన బట్టల షావుకారు మనుషుల గురించి ఆలోచించలేదు, మగ్గాల గురించి ఆలోచించాడు. పై అంతస్తు మొత్తం ఒకటే పొడుగాటి గది. ఈ చివరినుంచి ఆ చివరికి మగ్గాలు, వాటికి వెలుగు కోసం బారులు తీరిన కిటికీలు. మనుషులెక్కడానికి మాత్రం పొగగూటి పక్కన మిగిలిన ఇరుకులో నత్తగుల్లలా మెట్లు చుట్టబెట్టి చేతులు దులుపుకున్నాడు. ఆ మెట్ల మీద ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి తగ్గాల్సిందే. కాపురానికొచ్చిన కొత్తలో నేనూ మా ఆయన ఆమోసూ ఎదురుపడితే ఇద్దరం తగ్గేవాళ్లం కాదు, అది వేరే సంగతి.

మగ్గం ఆ మెట్లెక్కదు. అందుకని మూడో ఇంటి మీద, రెండు దూలాల మధ్య, మనిషి పొడవున నేల తెరుచుకునేలా పలకలు బిగించారు. మగ్గాలు ఆ దారిన ఎక్కాయి, బట్ట తానులు ఆ దారిన దిగాయి. తర్వాత మిల్లులొచ్చి మగ్గాలు మూలపడ్డాక, పొడుగాటి గదికి చెక్కగోడలు అడ్డం కొట్టి నాలుగు పడకగదులు చేశారు. ప్రతి చెక్కగోడకీ ఒక తలుపు మాత్రం ఉంచారు. మగ్గంలాగే మా మెట్లు దిగలేనిది ఇంకొకటి ఉందిగా. శవపేటిక.

అలా అది దింపుడు పలక అయింది. వరసలో ఎవరు పోయినా, అడ్డుగోడల తలుపులు తీసి పేటికను మూడో ఇంటికి తెచ్చి, అక్కడినుంచి కిందికి వదులుతారు. మూడో ఇల్లు మాది. దింపడం అనే మాటకు మా వరసలో ఇంకో అర్థం లేదు. బంగాళాదుంపల గోనెను కూడా మేం దింపం, కింద పెడతాం. బతికున్న మనిషి ఆ దారిన దిగకూడదు, దిగితే ఏడాది తిరక్కుండా మళ్లీ దిగుతాడని చెప్పేవాళ్లు. సామాను ఎక్కించుకోవచ్చు. నా పెళ్లి బీరువా అలాగే ఎక్కింది.

దింపేది చర్చి గంటలవాళ్లు, అంటే తాళ్లు లాగి చర్చి గంటలు మోగించేవాళ్లు. తాడు ఎంత జారితే ఎంత బరువు కదులుతుందో వాళ్ల చేతులకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వాళ్లకు పెద్ద మా పక్కింటాయనే, నాలుగో ఇంటి సెల్విన్ నిబ్లెట్. పెళ్లి చేసుకోలేదు. గంటలు, ఆపిల్ చెట్లు, నోటిదురుసు, ఈ మూడే ఆయన సంసారం. ముప్ఫై ఏళ్లుగా ఒకే చెక్కగోడకు అటూ ఇటూ బతుకుతున్నా ఆయనకు నేను మిసెస్ పెగ్లర్‌ని, నాకాయన మిస్టర్ నిబ్లెట్. మా లోయలో మర్యాదంటే అంతే. మనసులో ఏమున్నా నోటితో వాన గురించి మాట్లాడుకుంటాం.

ఆమోస్ చలికాలంలో పోయాడు. అప్పుడు నన్ను పట్టుకున్న భయం ఒక్కటే. అంతకు చాలా ఏళ్ల ముందు మా అత్తగారిని దింపేటప్పుడు తాడు జారి పేటిక వంటింటి రాతినేలకు ధడాలున తగిలింది. ఆ చప్పుడు ఆమోస్ చెవుల్లోంచి ఎన్నడూ పోలేదు. మంచం పట్టాక కూడా నా చెయ్యి పట్టుకుని, "నన్ను మాత్రం అలా పడెయ్యనివ్వకే, ఎఫీ" అన్నాడు. దింపేటప్పుడు ఇంటివాళ్లు పక్కింట్లో కూర్చోవడం ఆచారం. నేను సెల్విన్ వంటింట్లో చల్లారిపోయిన టీ పట్టుకుని, గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. తాళ్లు కిర్రుమన్నాయి. ఎవరో గట్టిగా ఊపిరి లోపలికి పీల్చారు. తర్వాత ఏమీ వినపడలేదు. ఎదురుచూసిన చప్పుడు రానేలేదు. పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించారు నా మొగుణ్ణి.

పేటిక వెనక సెల్విన్ సున్నం కొట్టినట్టున్న మొహంతో వచ్చాడు. దుఃఖమనుకున్నాను. మర్నాడు రేగుపళ్లంతేసి చిన్న ఆల్‌బుకారా పళ్ల జామ్ సీసా పట్టుకెళ్లి ఇచ్చాను. "సాయంత్రానికి మబ్బు పట్టేట్టుంది" అన్నాడు. "పట్టేట్టే ఉంది" అన్నాను. అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత నేను చేసిన పనేమిటంటే, దింపుడు పలక మీద నా మంచం వేసేసుకున్నాను. పలక మీద బరువు పెట్టకూడదని మా అత్తగారు మొదటిరోజే చెప్పింది. పెట్టాను. పక్కింటికి పోయే తలుపు కూడా కనబడకుండా గోడంతా గులాబీల కాగితం అంటించేశాను. ఇక నా ఇంట్లో ఎవరినీ దింపేది లేదు, దింపితే నన్నే దింపుకోండి అనుకున్నాను. గంటలపెద్దగా సెల్విన్ అభ్యంతరం చెప్పాల్సింది. "మీ ఇల్లు, మీ నేల" అని ఊరుకున్నాడు. అప్పటికే కుడికాలు కాస్త ఈడుస్తూ నడిచేవాడు. ఏమైందంటే వాతం అనేవాడు. ఆపిల్ సారా తగ్గిస్తే వాతం అదే తగ్గుతుందని నేను ఎగతాళి చేసేదాన్ని.

రెండేళ్లు అలాగే గడిచాయి. ఆకులు రాలే కాలంలో ఒక సాయంత్రం పైన దుప్పట్లు మడతపెడుతుంటే గులాబీల గోడ మీద కర్రతో తట్టిన చప్పుడైంది.

"మిసెస్ పెగ్లర్! పనిలో ఉన్నారా?"

"దుప్పట్లు మడతపెడుతున్నా. ఏం కావాలి?"

"తొందరేం లేదు. మడత అయ్యాకే రండి. నేను కాస్త కింద పడ్డట్టున్నాను."

మా వాళ్లు కాస్త అన్నారంటే పరుగెత్తాలి. దుప్పటి అక్కడే పడేసి, నా మెట్లు దిగి ఆయన మెట్లెక్కాను. చలికాలానికి దాచుకునే ఆపిల్ పళ్లు గది నిండా పాత పేపర్ల మీద పరిచి ఉన్నాయి. వాటి మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. ఆ ఈడ్చే కాలు ఒక పండు మీద పడి జారిందట. రెండో కాలు తొడ దగ్గర తిరగకూడని వైపు తిరిగి ఉంది.

"ఆపిళ్లు తొక్కకండి" అన్నాడు. పెదాల్లో రక్తం లేదు.

వీధి మలుపులో ఉన్న ఎర్ర టెలిఫోను పెట్టె దగ్గరికి ఈ వయసులో నేను పరుగెత్తిన పరుగు క్వీనీ షిప్‌వే కిటికీలోంచి చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చేసింది. క్వీనీది మొదటి ఇల్లు. ఆమెకు తెలియకుండా ఈ వరసలో పాలు కూడా విరగవు.

కొత్త డాక్టరమ్మ వచ్చింది, వెనకాలే అంబులెన్సు వచ్చింది. డాక్టరమ్మ తొడకు పొడుగాటి ఇనపకట్టు కట్టి, జోళ్లు విప్పించి పాదాలు తడిమి చూసింది.

"ఈ కుడికాలి వేళ్లెప్పుడు విరిగాయి? ఇవి పాత విరుగుళ్లు. ఎవరూ కట్టు కట్టలేదా?"

"అది వాతమమ్మా."

"వాతం ఎముకలు విరగ్గొట్టదండీ."

"మా లోయలో వాతం కాస్త మోటుది" అన్నాడు సెల్విన్.

ఆమె నన్ను పక్కకు పిలిచింది. తొడ ఎముక విరిగి లోపల్లోపల రక్తం పోతోందట. పట్నం ఆసుపత్రికి తొందరగా చేర్చి ఆపరేషన్ చేయకపోతే మనిషి దక్కడట. "నిద్రపోనివ్వకండి. తిట్టండి, కొట్టండి, ఏదోవిధంగా మాట్లాడిస్తూ ఉండండి" అంది. తిట్టడం నాకు రాని విద్య కాదు.

అంబులెన్సువాళ్లు ఇద్దరూ స్ట్రెచర్ పట్టుకుని మెట్ల దగ్గరే ఆగిపోయారు. కట్టు కట్టిన కాలు వంగదు. వంగని కాలున్న మనిషి ఆ నత్తగుల్లలో తిరగడు. లేపి నిలబెట్టబోతే కళ్లు తేలేశాడు.

"ఈ మెట్లు కట్టినోడు దొరికితే నాలుగు తగిలిద్దును" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

"మీరు రావడం కొంచెం ఆలస్యమైంది. పోయి చాలాకాలమైంది" అన్నాడు సెల్విన్ కళ్లు మూసుకునే.

"పోనీ కిటికీలోంచి తీద్దాం. మధ్యలో ఆ రాతి నిలువొక్కటీ కొట్టేస్తే సరి."

"కొట్టండి బాబూ. ఆ నిలువు మీద అడ్డరాయి, అడ్డరాయి మీద కప్పు. అన్నీ మీ నెత్తిన పడ్డాక నన్ను తీరిగ్గా మోసుకెళ్దురుగాని."

డాక్టరమ్మ నాడి పట్టుకుని చూసి, నా వైపు చూసింది. ఆ చూపులో వ్యవధి అయిపోతోందని నాకు తెలిసింది.

"దింపుడు పలక ఉంది" అన్నాను.

కింద మెట్ల దగ్గర క్వీనీ గుండెలు బాదుకోవడం వినిపించింది. సెల్విన్ కళ్లు తెరిచాడు.

"నన్ను దింపుతారా?"

"దింపుతాం."

"నేనింకా పోలేదు, మిసెస్ పెగ్లర్."

"పోకూడదనే కదా ఈ తంటా."

"బతికుండగా ఆ దారిన దిగినవాడు ఏడాది తిరక్కుండా..."

"నోర్ముయ్, సెల్విన్!"

ముప్ఫై ఏళ్లలో ఆ పేరు నా నోట రావడం అదే మొదలు. "అమ్మో, పేరు పెట్టి పిలిచింది" అని క్వీనీ కిందనుంచి ఎవరికో చెబుతోంది.

సెల్విన్ ఒక వేలెత్తాడు. "సరే. తల ముందు. కాళ్లు ముందు పోయేది శవమే, అలాగైతే నేను రాను."

"తల కాస్త దిగువకు ఉంటేనే మంచిది కూడా" అంది డాక్టరమ్మ. పాపం ఆమె రక్తం సంగతి మాట్లాడుతోంది.

ఆ సాయంత్రం చర్చిలో గంటలవాళ్ల సాధన ఉండడం మా అదృష్టం. "క్వీనీ, చర్చికి పరుగెత్తు. తాళ్లు పట్టుకుని రమ్మను" అన్నాను. క్వీనీ వెళ్లి ఏం చెప్పిందో తర్వాత తెలిసింది. రొప్పుతూ, కళ్లనీళ్లతో, "సెల్విన్‌ని దింపాలి, తాళ్లతో రమ్మంది ఎఫీ" అందట. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

నేను గోళ్లతో గులాబీల కాగితం చింపాను. తలుపు గడియ తుప్పుపట్టి ఉంటే అంబులెన్సతను భుజంతో గుద్దాడు. అందరం కలిసి నా మంచం ఈడ్చాం. రెండేళ్లుగా నా వీపు కింద ఉన్న పలకలు ఒక్కొక్కటే లేచాయి. కింద నా వంటిల్లు, రాతినేల, బల్ల మీద సగం తరిగిన ఉల్లిపాయ కనిపించాయి. నేను కిందికి పోయి బల్ల పక్కకు లాగి, పరుపు, ఈకల దుప్పటి, ఇంట్లో ఉన్న తలగడలన్నీ ఆ నేల మీద పరిచాను. నేలకు తగిలే చప్పుడు నేను వినలేను, ఎవరిదైనా సరే.

బేకరీ డెంజిల్, ఇంకో ఇద్దరు గంటలవాళ్లు భుజాన తాళ్లేసుకుని, టోపీలు చేతిలో పట్టుకుని, తల వంచుకుని వచ్చారు. డెంజిల్ పైకెక్కి చూసి, "అయ్యో, బతికే ఉన్నాడు!" అన్నాడు.

"అంత బాధగా ఉంటే రేపు మళ్లీ రా" అన్నాడు సెల్విన్. "టోపీ పెట్టుకో ముందు."

స్ట్రెచర్ కింద తల దగ్గరొక తాడు, కాళ్ల దగ్గరొక తాడు వేశారు. అరిగిపోయిన గంటల తాళ్లవి. చెయ్యి పట్టే చోట రంగురంగుల ఉన్ని కుచ్చు ఇంకా ఉంది. మూడు కొసలు గంటలవాళ్లు, నాలుగోది పెద్ద అంబులెన్సతను పట్టుకున్నారు. నేనూ డాక్టరమ్మా కింద నిలబడ్డాం.

"తాడు వంక చూడకండ్రా. చేతిని తెలుసుకోనివ్వండి" అని పైనుంచి సెల్విన్ గొంతు. "డెంజిల్, నీ కొస ముందు పోతోంది. ఆఁ. వదులు. ఇంకాస్త."

దూలాల మధ్యకు రాగానే ఆ గొంతు ఆగిపోయింది. తలకిందులుగా ఆయన మొహం నా మొహానికి మూరెడు పైన ఆగింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

"మిస్టర్ నిబ్లెట్! ఈసారి ఆపిళ్లు ఎలా కాశాయి?"

డాక్టరమ్మ మణికట్టు పట్టుకుని, "ఇంకా, ఇంకా మాట్లాడండి" అంది. తిట్టాను. ఆయన సారా పీపాను తిట్టాను, వంకర కంచెను తిట్టాను. పెదవి కదల్లేదు. దింపుడు కళ్లం ఆశ అంటారే, నాకిక మిగిలింది అదే. చెవి దగ్గర నోరుపెట్టి పిలిచాను. "సెల్విన్! సెల్విన్! సెల్విన్!"

అప్పుడు మోగింది పెద్దగంట.

మా ఊళ్లో మనిషి పోతే పెద్దగంట కొడతారు. మగవాడికి మూడేసి దెబ్బలు మూడుసార్లు. తర్వాత పోయినవాళ్ల వయసెంతో అన్ని దెబ్బలు. మేం మోసుకొచ్చేలోగా మొదలుపెట్టమని డెంజిల్ వచ్చేటప్పుడు చర్చిలో ఉండిపోయిన గంటలవాడు లెన్‌కి చెప్పి వచ్చాడట. ఇక్కడ మనిషి బతికే ఉన్నాడన్న హడావుడిలో ఆ సంగతి మర్చేపోయాడు.

రెండోసారి మూడు దెబ్బలు అయ్యేసరికి సెల్విన్ కనుబొమలు ముడిపడ్డాయి. మూడోసారి కళ్లు తెరుచుకున్నాయి.

"ఎవరు పోయారు?"

పైన తాళ్లు పట్టుకున్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాకు దాచడం చేతకాదు.

"మీరే, మిస్టర్ నిబ్లెట్."

"నేనా? నన్నడక్కుండానా?" వయసు దెబ్బలు మొదలయ్యాయి. ఆయన చెవి ఒగ్గి విన్నాడు. "కొట్టేది లెన్ కదూ. అనుకున్నా. దెబ్బకూ దెబ్బకూ మధ్య వెళ్లి టీ తాగొస్తున్నట్టున్నాడు. నాలుగు. ఐదు. తాడు అంత పైకి వదలకూడదని వాడికి వెయ్యిసార్లు చెప్పాను. ఆరు."

"ఎవరైనా పోయి ఆ గంట ఆపండి" అన్నాడు పైనుంచి అంబులెన్సతను.

"ఆపారో, చూడండి!" అని డాక్టరమ్మ అరిచింది. "లెక్కపెట్టనివ్వండి!"

స్ట్రెచర్ నా ఈకల దుప్పటి మీద దిగింది. చప్పుడే లేదు. గుమ్మం దాటించేసరికి ముప్ఫైల్లో పడ్డాడు. వీధిలో అన్ని కిటికీలకూ తెరలు మూసేసి ఉన్నాయి, చావు కబురు తెలిస్తే మా వాళ్లు చేసే మొదటి పని అదే. గేట్ల దగ్గర మగవాళ్లు టోపీలు తీసి, ఆడవాళ్లు ముక్కులు తుడుచుకుంటూ నిలబడ్డారు. వాళ్ల మధ్యనుంచి సెల్విన్ నిబ్లెట్ దుప్పటి కప్పుకుని, వేలెత్తి గాల్లో ఊపుతూ వెళ్లాడు. "ముప్ఫై ఆరు. ఏమిటా ఏడుపు? ముప్ఫై ఏడు. తెరలు తీసుకోండి, చీకట్లో కూర్చుంటారేం? ముప్ఫై ఎనిమిది." ఒక ముసలావిడ నిజంగానే కూలబడింది. క్వీనీ ఆమెకు విసురుతూ, "నేను దింపాలన్నానే గానీ పోయాడన్నానా?" అని ఎవరూ అడక్కుండానే చెప్పుకుంటోంది.

అంబులెన్సు వంతెన దగ్గరికి చేరేసరికి గంట ఆగింది. అంతదూరం నుంచీ మాకు వినిపించింది ఆ కేక. "అరవై తొమ్మిదా? నాకు డెబ్బై ఒకటి రా, లెన్! నా రెండేళ్లు మింగేశాడు వెధవ!" డాక్టరమ్మ తర్వాత చెప్పింది, ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇచ్చేదాకా ఆ రెండు దెబ్బల గురించే తగవుపడ్డాడట. "ఆ రెండూ మోగకుండా పోయేది లేదు" అని అక్కడున్న నర్సులందరికీ చెప్పాడట.

ఆయన బతికాడు.

చలికాలమంతా వారం వారం బస్సెక్కి పట్నం వెళ్లేదాన్ని. ఆయన ఆపిళ్లు కుళ్లినవి ఏరేసి మంచివి పట్టుకెళ్లేదాన్ని. వాన గురించి మాట్లాడుకునేవాళ్లం. మంచు విడిచాక ఇంటికి పంపించారు. కాలు అతుక్కుంది గానీ మోకాలు ఇక వంగదన్నారు. వంగని కాలు మా మెట్లెక్కదు. కింద వంటింట్లో పడుకోమని క్వీనీ సలహా ఇచ్చింది. "నా ఆపిళ్లు పైనున్నాయి, నా మంచం పైనుంది" అన్నాడు.

అందుకని మళ్లీ డెంజిల్ వాళ్లు తాళ్లతో వచ్చారు. దింపుడు పలకలోంచి మనిషిని పైకెక్కించడం ఈ వరస పుట్టాక అదే మొదటిసారి. చూడ్డానికి నా వంటింట్లో ఊరు సగం ఉంది. ఆయన్ని బేకరీ బల్లచెక్క మీద కూర్చోబెట్టి, నడుముకు కట్టు కట్టి, పైకి లాగడం మొదలుపెట్టారు. సగం దూరం వెళ్లాక పైన ఒక తాడు దూలం అంచున జారింది. చెక్క జానెడు కిందికి కుదుపుతో వచ్చింది. ఆలోచించే వ్యవధి ఎక్కడిది? నా కాలు దానంతటదే ఆయన కిందికి, ఆ నేల రాయి మీదికి వెళ్లింది.

"కాలు తియ్యండి మిసెస్ పెగ్లర్!" అని డెంజిల్ పైనుంచి అరిచాడు. "ఈ పలక కింద ఒక్క కాలు నలిగింది చాలు!"

తాడు సర్దుకుంది. కానీ గంటలవాళ్లు ఎవరూ లాగడం లేదు.

"ఎవరి కాలు?" అన్నాను.

గాల్లో వేలాడుతున్న సెల్విన్, "డెంజిల్, నీ పొయ్యికీ నోటికీ మూత పెట్టడం ఎప్పుడు నేర్చుకుంటావురా?" అన్నాడు.

"ఎవరి కాలు, డెంజిల్?"

డెంజిల్ పలక అంచున మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూశాడు. "ఆమోస్‌ని దించినప్పుడండీ. ఆఖరున నా తాడు జారింది. కొస నేలకు కొట్టబోయింది. ఈయన కింద నిలబడి ఉన్నాడు. రాయికీ పేటికకీ మధ్య కాలు పెట్టేశాడు. బరువంతా దాని మీదే పడింది."

"అరవలేదే! నేను గోడవతలే ఉన్నాను. నాకేం వినపడలేదే!"

"మీరు గోడవతల ఉన్నారనే అరవలేదు."

వాతం, వాతం అని రెండేళ్లు. సారా తగ్గించమని నేను నవ్విన నవ్వులు. ఆపిల్ మీద జారింది కూడా ఆ కాలే. ఎన్ని రాత్రులు నేను కృతజ్ఞతతో తలుచుకున్నానో ఆ నిశ్శబ్దాన్ని. అది దానంతటది వచ్చిందనుకున్నాను, దేవుడి దయ అనుకున్నాను. పక్కింటి మనిషి తన ఎముకలు విరగ్గొట్టుకుని, పళ్లు బిగపట్టి, నా కోసం చేసిన నిశ్శబ్దం అది.

ఊరు సగం చూస్తుండగా నేను ఏడ్చాను. మా దగ్గర ఎవరూ అలా ఏడవరు. కొందరు కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టారు. నేను తలెత్తి, ఆ వేలాడే కుడికాలిని, చెప్పులో సరిగ్గా ఇమడని ఆ వంకర వేళ్లను రెండు చేతులతో పట్టుకున్నాను.

"నీ రుణం నేనేం పెట్టి తీర్చుకోను, సెల్విన్?"

ఆయన ఎర్రబడిపోయాడు. దిక్కులు చూశాడు. చివరికి కిటికీ వైపు చూసి, "సాయంత్రానికి వాన పడేట్టుంది" అన్నాడు.

"పడనీ. నేనడిగిందానికి జవాబు చెప్పు."

"ముందు కాలు వదులు, ఎఫీ" అన్నాడు మెల్లగా. "గాల్లో ఉన్నవాడితో రుణాల మాటలేమిటి? నన్ను పైకి పోనీ."

వదిలాను. లాగారు. వంగని కాలు, వంకర వేళ్లు, చివరికి చెప్పు, అన్నీ పలక దాటి పైకి వెళ్లిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. పైన ఆపిళ్ల మధ్యకు చేరగానే ఆయన లెన్‌ని పిలిచి, మింగిన రెండు దెబ్బలు ఎప్పుడు కొట్టాలో తనే కబురు పెడతానని, అందాకా ఆ గంట తాడు ముట్టుకోవద్దని చెప్పడం కిందికి వినిపించింది.

నా మంచం కిటికీ పక్కనే ఉండిపోయింది. పలక మీద ఇక ఏమీ పెట్టలేదు. చింపిన గులాబీల కాగితం కూడా మళ్లీ అంటించలేదు.

అందరూ వెళ్లిపోయాక బకెట్టులో నీళ్లు తెచ్చుకుని, మోకాళ్ల మీద కూర్చుని వంటింటి నేల కడిగాను. రోజూ కడిగే నేలే. పలక కింద ఉన్న ఆ ఒక్క రాయిని మాత్రం చాలాసేపు కడిగాను.